జాబులు – జవాబులు: దేవకన్యలు, తోడేలు మనుషులు, కొరివి దెయ్యం

ఈ నెల వచ్చిన జాబులలో మూడు, ఒకరినొకరు ఎరగని ముగ్గురు రాసినవే అయినా, ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుచేత ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాను. మొదటి జాబుకు జవాబు కాస్త పెద్దదయింది. దాని దారం మన చెన్నై నగరం మీదుగానే పోయిందని తెలిశాక మధ్యలో తెంపడానికి నాకు మనసొప్పలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్నేహితురాలి ఇంట్లో ఫోనులో ఒక పాత ఫొటో చూసి వచ్చింది. అందులో తన ఈడు పిల్ల ఒకతె వాగు ఒడ్డున గడ్డం కింద చెయ్యి పెట్టుకొని ఉంటే, ఆమె ముందు రెక్కలున్న బుల్లి దేవకన్యలు నాట్యం చేస్తున్నారట. "ఫొటో ఉంది కదా, అబద్ధమెలా అవుతుంది?" అని అడుగుతోంది. అదంతా కల్పన అని నేనంటే, మా మామగారు అడ్డు తగిలి, "ఈ రోజు దేవకన్యలు లేరంటావు, రేపు యక్షులూ గంధర్వులూ లేరంటావు" అన్నారు. వీరిద్దరికీ ఏమని చెప్పాలి?
– ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: అమ్మా, ముందుగా ఫొటో సంగతి చెబుతాను. మీరు వర్ణించినదాన్ని బట్టి అది 1917 జూలైలో ఇంగ్లండులో, బ్రాడ్‌ఫర్డ్ దగ్గరి కాటింగ్లీ అనే పల్లెలో తీసినది. అందులో కనిపించే పిల్ల ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్. అప్పటికి ఆమె వయసు 9 ఏళ్లు, అంటే సరిగ్గా మీ అమ్మాయి ఈడు. తీసినది వరసకు అక్క అయిన 16 ఏళ్ల ఎల్సీ రైట్. ఇంటి వెనుక వాగులో ఆడుకొని బూట్లు తడుపుకొని వస్తున్నందుకు ఫ్రాన్సిస్‌కు తిట్లు పడేవి. అక్కడికి ఎందుకు పోతావని అడిగితే దేవకన్యలను చూడడానికని చెప్పింది. పెద్దలు నవ్వారు. ఆ నవ్వుకు బదులు చెప్పడానికే ఎల్సీ తండ్రి కెమెరా అడిగి పుచ్చుకొని, చెల్లెలిని వెంటబెట్టుకొని వాగుకు పోయి, ఆ ఫొటో తీసుకొచ్చింది. చీకటి గదిలో దాన్ని కడిగిన తండ్రి మాత్రం నమ్మలేదు. ఒకటి రెండు నెలలకు ఎల్సీ పక్కన రెక్కల మరుగుజ్జు ఒకడు నిలబడిన రెండో ఫొటో కూడా వచ్చేసరికి, పిల్లలేదో చేస్తున్నారని ఇక కెమెరా ఇవ్వడం మానేశాడు. మొత్తం కథలో సరిగా ఆలోచించిన పెద్దవాడు ఆయనొక్కడే అనిపిస్తుంది నాకు.

ఆ రెండు ఫొటోలు ఇంట్లోనే పడి ఉండవలసినవి. 1919లో ఎల్సీ తల్లి బ్రాడ్‌ఫర్డ్‌లో దివ్యజ్ఞాన సమాజం వారి ఉపన్యాసానికి వెళ్లి, అక్కడ మాటల సందర్భంలో వాటి ఊసెత్తింది. అలా అవి లండన్‌లోని ఎడ్వర్డ్ గార్డనర్ అనే సమాజ సభ్యుని చేతికి చేరాయి. 1875లో న్యూయార్కులో పుట్టిన ఆ సమాజానికి 1882 చివరి నుండి ప్రధాన కేంద్రం ఎక్కడో కాదు, మీ పెరంబూరు నుండి సిటీ బస్సెక్కి చేరుకోగల అడయారులోనే ఉంది. మానవులతో పాటు కంటికి కనిపించని మరొక జీవపరిణామం కూడా సాగుతున్నదని, అందులో చెట్టుకూ నీటికీ గాలికీ సంబంధించిన సూక్ష్మజీవులు కింది మెట్టున, "దేవ"లు పై మెట్టున ఉంటారని సమాజం పెద్దలు బోధించేవారు. "దేవ" అన్న మన మాటనే వాళ్లు ఇంగ్లీషులో అలాగే వాడుకున్నారు. 1913లో అడయారు నుండి వెలువడిన, ఆ సమాజం పెద్దలలో ఒకరైన లెడ్‌బీటర్ గ్రంథంలో ఈ ప్రకృతి భూతాలకు ఒక అధ్యాయమే ఉంది. కనుక గార్డనర్‌కు ఆ ఫొటోలు ఇద్దరు పిల్లల అల్లరిగా కనిపించలేదు. తాను ముందే నమ్మిన సిద్ధాంతానికి సాక్ష్యంగా కనిపించాయి.

ఆయన ఒక ఫొటోగ్రఫీ నిపుణునికి ఆ ఫొటోల గాజు పలకలు చూపించగా, ఒకదాని మీద మరొకటి తీసిన మోసం ఇందులో లేదని అతడు తేల్చాడు. ఆ మాట నిజమే. కాగితం బొమ్మను ఫొటో తీస్తే అది కాగితం బొమ్మ తాలూకు అసలైన ఫొటోయే కదా! కొడాక్ సంస్థ మాత్రం ధ్రువపత్రం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అప్పటికే ప్రేతాత్మలతో సంభాషణ సాధ్యమని నమ్ముతూ, 1918లో పెద్ద కొడుకును, 1919లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆర్థర్ కానన్ డాయిల్ వాటిని 1920 డిసెంబరులో ఒక ప్రసిద్ధ మాసపత్రికలో అచ్చు వేయించారు. ఆయన వైద్యుడు. అంతకన్నా ముఖ్యంగా, చెప్పుకు అంటిన మట్టిని చూసి మనిషి వచ్చిన దారిని చెప్పగల అపరాధ పరిశోధకుణ్ణి సృష్టించిన రచయిత. అటువంటి మనిషి రెండో ఫొటోలోని మరుగుజ్జు పొట్ట మీద ఒక చిన్న చుక్కను గమనించి, అది బొడ్డు కాబోలునని, అంటే ఈ జీవులూ మనలాగే తల్లి కడుపున పుడతాయని ఊహించారు. ఆ చుక్క బొమ్మను నిలబెట్టడానికి గుచ్చిన టోపీ పిన్ను.

అసలు సంగతి బయటపడడానికి 1983 వరకు పట్టింది. అప్పటికి ముసలివాళ్లయిన అక్కచెల్లెళ్లిద్దరూ నిజం ఒప్పుకున్నారు. 1914లో వచ్చిన ఒక పిల్లల పుస్తకంలోని నాట్యకత్తెల బొమ్మలను చూసి ఎల్సీ దళసరి కాగితం మీద గీసి, రెక్కలు చేర్చి, కత్తిరించి, టోపీ పిన్నులతో గడ్డిలో గుచ్చింది. అంత పెద్ద మనిషి నమ్మి పత్రికలో రాసేశాక కాదని చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నామన్నారు. ఒక్కటి మాత్రం మీ అమ్మాయికి నచ్చుతుంది: 1920లో వాళ్లు మరో మూడు ఫొటోలు తీశారు, వాటిలో చివరిదైన అయిదోది మాత్రం నిజమైనదేనని ఫ్రాన్సిస్ చివరి వరకు అంటూనే వచ్చింది.

పిల్లల ఆటలో పెద్దలు తమకు కావలసినది చూసుకోవడం అడయారుకు కొత్త కాదు. 1909లో అక్కడి సముద్రపుటొడ్డున ఆడుకుంటున్న ఒక తెలుగు పిల్లవాణ్ణి లెడ్‌బీటర్ చూసి, రాబోయే జగద్గురువు ఇతడేనని ప్రకటించారు. మదనపల్లెలో పుట్టిన ఆ జిడ్డు కృష్ణమూర్తి 1929లో తన కోసం నిర్మించిన సంస్థను తానే రద్దు చేసి బయటకు నడిచారు. ఎల్సీకి, ఫ్రాన్సిస్‌కు అలా నడిచిపోయే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఇక మీ మామగారి మాట. ఆయన ప్రశ్నను తేలికగా కొట్టిపారేయకండి, అందులో బలముంది. అమరకోశం చదివినవారైతే "విద్యాధరాప్సరోయక్షరక్షోగంధర్వకిన్నరాః" అన్న శ్లోకం ఆయనకు నోటికి వచ్చి ఉంటుంది. దాని రెండో సగంలో పిశాచం, గుహ్యకుడు, సిద్ధుడు, భూతం కూడా చేరి, మొత్తం పది రకాలవారూ దేవయోనులేనని ముగుస్తుంది. అంటే గంధర్వుణ్ణి, పిశాచాన్ని ఒకే పంక్తిన కూర్చోబెట్టిన సంప్రదాయం మనది. అయితే అదే సంప్రదాయంలో, కనిపిస్తూనే లేనిదానికి ఉదాహరణ చెప్పవలసి వచ్చినప్పుడు పెద్దలు ఎంచుకున్న మాట "గంధర్వనగరం". అద్వైత గురువైన గౌడపాదులు మాండూక్యకారికలలో స్వప్నాన్ని, మాయను, గంధర్వనగరాన్ని కలిపి ఒకే శ్లోకంలో చెప్పారు. అరణ్యపర్వంలోని యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడగడానికి వచ్చాడే గాని, తన ఉనికిని రుజువు చేసుకోవడానికి రాలేదు. ఆ యక్షుడు పూండీ జలాశయం దగ్గర ఉంటాడా అని మన తాతలెవరూ అడగలేదు. దేవకన్యను కథలోంచి పెరట్లోకి లాక్కొచ్చి ఫొటో తీసి, ఇదిగో సాక్ష్యం అన్నప్పుడే చిక్కు వచ్చింది. మీ మామగారితో ఈ తేడా మాట్లాడి చూడండి. మీరిద్దరూ అనుకుంటున్నంత దూరంలో లేరేమో.

అమ్మాయికి మాత్రం మాటలు వద్దు. దళసరి అట్ట మీద నాలుగు బొమ్మలు గీయించి, కత్తిరించి, మేడ మీద పూలకుండీలో గుండుసూదులతో గుచ్చమనండి. ఫోను నేల మట్టాన పెట్టి, సాయంకాలపు ఎండలో ఫొటో తీయమనండి. బొమ్మ అంచులు దగ్గరి ఆకుల కన్నా పదునుగా ఎందుకు కనిపిస్తున్నాయో, గాలికి ఆకు కదిలినా రెక్క ఎందుకు కదలలేదో తనంతట తానే పట్టుకుంటుంది. ఆ తరువాత కూడా దేవకన్యలున్నారని అంటే అననివ్వండి. తొమ్మిదేళ్ల వయసుకు ఆ మాత్రం హక్కుంది.

ప్రశ్న: మేము నలుగురం షోళింగనల్లూరులో ఒకే గదిలో ఉంటాము. పున్నమి రాత్రి మనిషి తోడేలుగా మారే సినిమా చూశాక వాదన మొదలైంది. పాలక్కాడు నుండి వచ్చిన మిత్రుడు తమ వైపు ఒడియన్ అనేవాడు ఎద్దుగా మారతాడంటాడు. శ్రీకాకుళం మిత్రుడు తమ ఏజెన్సీలో పులిగా మారేవారుండేవారని నాయనమ్మ చెప్పేదంటాడు. ఈ నమ్మకాలకు మూలమేమిటి? వీటిలో ఆవగింజంతైనా నిజముందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మనిషి ఒళ్లు తోడేలు ఒళ్లుగా మారడమన్నది ఎన్నడూ జరగలేదు, జరగదు. ఆ భాగం ఒక్క వాక్యంతో సరి. పున్నమి, వెండి తూటా అన్నవి కూడా ఇప్పుడున్నంత గట్టిగా బిగుసుకున్నది 1940లలోని హాలీవుడ్ చిత్రాలతోనే. పాత కథలలో మారడానికి కారణం వేరు. గ్రీకు కథలో ఆర్కేడియా రాజు లైకాన్ దేవుడికి నరమాంసం వడ్డించి, శాపం తగిలి తోడేలయ్యాడు. అటువంటి మార్పు మన పురాణాలు చదివినవారికి వింతేమీ కాదు.

మీ శ్రీకాకుళం మిత్రుని నాయనమ్మ చెప్పిన మాటకు పాత లిఖిత సాక్ష్యం ఉంది. ఎళుంబూరులోని మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి 1885 నుండి రెండు దశాబ్దాలకు పైగా అధిపతిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారతదేశపు కులాలను, తెగలను గురించి 1909లో 7 సంపుటాలు ప్రచురించారు. గంజాం, విశాఖపట్టణం కొండలు అప్పుడు మద్రాసు రాష్ట్రం (ప్రెసిడెన్సీ)లోనివే. అక్కడి ఖోండు అనే గిరిజనుల నమ్మకాలను, వారిలో మెరియా నరబలిని మాన్పించడానికి వెళ్లిన మాక్‌ఫర్సన్ అనే సైనికాధికారి అంతకు ముందే నమోదు చేసి ఉన్నాడు. ఆ నమ్మకం ప్రకారం మామూలు పులి మనిషిని చంపదు. జింకనో దుప్పినో చంపి మనిషికి మేలే చేస్తుంది. మనిషిని చంపిన పులి అయితే కోపించిన తారి దేవత అయినా అయి ఉండాలి, లేదా ఒక దేవుని సాయంతో పులి రూపం తాల్చిన మనిషైనా అయి ఉండాలి. అటువంటి దానిని "మ్లీపా" పులి అన్నారు.

ఇది వినడానికి ముచ్చటైన కథే. దాని లోపలి లెక్కను ఒకసారి చూడండి. పులి మనిషిని చంపితే, వెదకవలసింది అడవిలో కాదు, ఊళ్లోనే అని తేలుతుంది. మీరు ఆవగింజంత నిజముందా అని అడిగారు. ఈ కథలలో నిజమైనది నింద పడిన మనిషి.

1589లో జర్మనీలోని కొలోన్ దగ్గర బెడ్‌బుర్గ్‌లో పేటర్ స్టూంప్ అనే రైతును, దయ్యమిచ్చిన పటకా కట్టుకొని తోడేలుగా మారి హత్యలు చేశాడని నేరం మోపి, హింసాయంత్రం చూపించి ఒప్పించి, ఘోరంగా చంపారు. అతనితో పాటు కూతురునూ వదలలేదు. మీ పాలక్కాడు మిత్రుణ్ణి కూడా అడిగి చూడండి, ఒడియన్ అన్న పేరు పడినవారు ఆ ఊళ్లో ఏ వీధివారని. ఎక్కువగా అణగారిన కులాలవారే. మన జిల్లాలలో చేతబడి, బాణామతి అన్న అనుమానంతో కొట్టినదీ ఒంటరి ముసలమ్మలనే, దిక్కులేనివారినే గాని, ఊరి మోతుబరిని కాదు.

ఇదంతా పాత కాలపు ముచ్చట అనుకోవడానికి లేదు. 1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలైన ప్రతాప్‌గఢ్, జౌన్‌పూర్, సుల్తాన్‌పూర్‌లలో రాత్రివేళ పిల్లలు మాయమయ్యారు. ఆరుబయట, తలుపులేని గుడిసెలలో పడుకున్న పసివాళ్లను తోడేలు ఎత్తుకుపోయింది. జనంలో మాత్రం తోడేలు వేషం వేసిన మనిషి అనీ, తోడేలుగా మారే మనిషి అనీ పుకారు పుట్టి, ముక్కూ మొహం తెలియని బాటసారులను పట్టి కొట్టారు. కొందరి ప్రాణాలు పోయాయి. యాదవేంద్రదేవ్ ఝాలా అనే వన్యప్రాణి శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి అడుగుజాడలు, దాడులు జరిగిన తీరు పరిశీలించి, అది మామూలు తోడేలు పనేనని చూపించారు. నాకు ఆశ్చర్యం కలిగించేదేమంటే, తోడేలు అని తేలితే భయం తగ్గాలి గదా, తలుపు పెట్టించుకుంటే చాలు. కాని తలుపు పెట్టించుకోలేని ఇంట్లో బిడ్డ పోతే, దానికి ఒక శత్రువు మొహం కావలసి వస్తుందేమో.

మీరున్న చోటికి ఇంకా దగ్గరి సంగతి ఒకటి. తెలుగు పిల్లలను బూచాడితో, తమిళ పిల్లలను పూచ్చాండితో భయపెట్టి అన్నం తినిపించడం మనందరి ఇళ్లలో ఉన్నదే. 2018 మే నెలలో ఆ బూచాడు వాట్సాప్ సందేశాలలో పిల్లల దొంగగా వచ్చాడు. తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర, చెన్నై నుండి ఇలవేల్పు గుడికి బంధువులతో కారులో బయలుదేరిన ఒక వృద్ధురాలు దారి అడగడానికి ఆగి, అక్కడున్న పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. ఆమెను పిల్లల దొంగ అని కొట్టి చంపారు. ఆ గుంపులో ఎవరిని అడిగినా తోడేలు మనుషులను నమ్మమనే చెప్పి ఉండేవారు.

చివరగా ఒక చిన్న మాట. తాను తోడేలుగానో కుక్కగానో పాముగానో మారుతున్నానని నిజంగా నమ్మే మనోవ్యాధి ఒకటి ఉంది. చాలా అరుదు. మీకు తెలిసినవారెవరైనా అలా అంటుంటే నవ్వకండి, వేపమండలూ కట్టకండి. 1794 నాటి నుండి వస్తున్న మానసిక వైద్యశాల కీల్పాక్‌లోనే ఉంది. అక్కడికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మాది సూళ్లూరుపేట పక్కన పల్లె, ఇప్పుడు వేళచ్చేరిలో ఉంటున్నాను. మా తాతగారు అబద్ధమాడి ఎరుగరు. ఒక రాత్రి పులికాట్ సరస్సు వైపు నుండి నడిచి వస్తుంటే, దూరాన కొరివి దెయ్యం ఒక దీపంలా కదులుతూ తన ముందు పోయిందని, దాని వెంట పోకుండా గట్టు మీద పంచె ముసుగేసుకొని తెల్లవారే వరకు కూర్చున్నానని చెప్పేవారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: అయ్యా, మీ తాతగారు వెలుగును చూశారు, అందులో నాకు సందేహం లేదు. దానికి పేరు మాత్రం ఆయన పుట్టక ముందే సిద్ధంగా ఉంది. మీ ఇరుగుపొరుగు తమిళులను అడగండి, ఇదే వెలుగును వాళ్లు "కొళ్ళివాయ్ పిశాసు" అంటారు, నోట్లో కొరివి పట్టుకున్న పిశాచమని. రెండు భాషలవారూ కొరివినే పట్టుకున్నారంటే, రెండు కళ్లూ ఒకే రకమైన మంటను చూసి ఉండాలి.

బురదనేలలలో కుళ్లిన ఆకూ అలమూ కింద నుండి మీథేన్ వాయువు బుడగలుగా పైకి వస్తుంది. ఇటలీలో వోల్టా 1776లోనే ఒక సరస్సు బురదను కర్రతో కెలికి ఈ వాయువును పట్టి, మండుతుందని చూపాడు. అయితే నిప్పు ముట్టించేవారు లేని చోట అది దానంతట అది ఎలా అంటుకుంటుందన్న దాని మీద వాదన నడుస్తూనే ఉంది. గాలి తగలగానే మండే ఫాస్ఫరస్ వాయువులు కొద్దిగా కలిసి ఉంటాయన్నది పాత వివరణ. పులికాట్ వంటి చోట రాత్రివేళ దీపం పట్టుకొని చేపల వేటకు, పీతల వేటకు వెళ్లే మనుషులూ ఉంటారు. మీ తాతగారు చూసినది ఒక జాలరి లాంతరు కాదని కూడా చెప్పలేము.

వెలుగు ఏదైనా గాని, ఆయన చేసిన పని ముమ్మాటికీ సరైనదే. చీకటిలో, దారి తెలియని చిత్తడిలో, దూరాన కదిలే దీపం వెంట నడిచినవాడు మోకాలి లోతు బురదలోకి పోతాడు. కొరివి దెయ్యం వెంట పోకు అని పిల్లవాడికి చెబితే జన్మంతా గుర్తుంటుంది. ఒండ్రు నేల, మీథేన్ అని చెబితే మరునాటికి మరిచిపోతాడు. మీరు ఉపాధ్యాయులు గనుక ఈ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

మీ వేళచ్చేరి పక్కనే పళ్ళికరణై చిత్తడి ఉంది. 2022లో దానికి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కాని చుట్టూ ఉన్న వీధిదీపాలు, అద్దాల మేడల వెలుగులో అక్కడ ఏ కొరివి దెయ్యమూ కంటికి ఆనదు. ఆ గట్టు మీద మీ తాతగారు కూర్చున్నది ఏ నెలలో, వెలుగు పసుపా నీలమా, అది గాలి వాలుకు పోయిందా ఎదురు పోయిందా, ఇంట్లో పెద్దవారెవరికైనా జ్ఞాపకముంటే కనుక్కొని మళ్లీ రాయండి. అది లాంతరో మంటో ఆ మూడు వివరాలతో కొంతవరకు తేల్చవచ్చు.